పరువుకీ చట్టానికీ మధ్య... 47 మంది!

1703 జనవరి ఆఖరు. జపాన్‌లోని ఎడో నగరం. ఇప్పటి టోక్యో అదే. ఇంకా తెల్లవారలేదు. కిరా అనే ఉన్నతాధికారి ఇంటిమీద నలభై ఏడుగురు ఆయుధాలతో విరుచుకుపడ్డారు. అతణ్ని వెతికి పట్టుకుని తల నరికారు. ఆ తలను సెంగకుజి ఆలయానికి తీసుకెళ్లి తమ ప్రభువు సమాధి ముందు పెట్టారు. ఆ తర్వాత పారిపోలేదు. చేసిన పని చెప్పి లొంగిపోయారు.

వీళ్లు హంతకులా, వీరులా? అప్పటి ప్రభుత్వానికీ వెంటనే తోచలేదు.

గొడవ 1701లో మొదలైంది. అకో సంస్థానాధీశుడు అసానో, షోగన్ కోటలో కిరా మీద కత్తి దూశాడు. కిరా అతణ్ని అవమానించాడని జనం చెప్పుకునేవారు. తగిలింది గాయమే అయినా, కోటలో కత్తి దూయడం మహానేరం. ఆ రోజే అసానోకు 'సెప్పుకు' శిక్ష పడింది. అంటే, తన కడుపు తానే కోసుకుని చనిపోవాలన్నమాట. సంస్థానం జప్తయింది. అతని కొలువులోని సమురాయ్‌లంతా 'రోనిన్'లైపోయారు. ప్రభువు లేని సమురాయ్‌లని అర్థం. కిరాకు మాత్రం ఏ శిక్షా లేదు. కొట్లాటలో ఇద్దరినీ శిక్షించడం సమురాయ్‌ల పాత ఆనవాయితీ. అది తప్పిందన్నదే అసానో మనుషుల కడుపుమంట.

అప్పటికి జపాన్‌లో యుద్ధాలు లేవు. 1638లో షిమబర తిరుగుబాటును అణిచేశాక అంతా ప్రశాంతమే. సమురాయ్ నడుముకు రెండు కత్తులుండేవి. చేసేది మాత్రం కాపలాలూ కచేరీ పనులూ. జీతం బియ్యం రూపంలో వచ్చేది. యుద్ధమే లేనప్పుడు వీరుడినని చూపించుకునేదెలా? ప్రభువు పట్ల విశ్వాసమే మిగిలింది.

రోనిన్లకు నాయకుడు ఒయిషి. అతను తొందరపడలేదు. మారుమాట లేకుండా కోట అప్పగించాడు. అసానో తమ్ముడికైనా సంస్థానం దక్కేలా చూడాలని ప్రయత్నించాడు. 1702లో ఆ ఆశా పోయాకే కత్తి పట్టాడు.

ఈ ఆలస్యాన్ని తప్పుపట్టినవాడూ ఓ సమురాయే. పేరు యమమొటో సునెటోమో. 'హగకురే' గ్రంథంలో ఉన్నవి అతని మాటలే. అన్నాళ్లు ఆగితే ఈలోపు కిరా జబ్బుచేసి చనిపోయి ఉండేవాడు కదా, అప్పుడేం చేసేవారు అన్నది అతని ప్రశ్న. గెలుపోటములు లెక్కవేయకుండా వెంటనే దూకాలట! విచిత్రమేమిటంటే, సునెటోమో ఏనాడూ యుద్ధం చేయలేదు. తన ప్రభువు పోయినప్పుడు వెంటే ప్రాణం వదలాలనుకున్నాడు. కానీ అలాంటి ఆత్మాహుతిని అప్పటికే నిషేధించారు. దాంతో సన్యాసం తీసుకున్నాడు.

ప్రభుత్వం ముందు చిక్కుప్రశ్న. రోనిన్లను వదిలేస్తే పగ తీర్చుకోవడానికి ఎవరైనా కత్తి పట్టొచ్చు. దొంగల్లా తల నరికిస్తే, సమురాయ్‌కి నేర్పిన విశ్వాసాన్నే అవమానించినట్టు. ఒగ్యు సొరాయ్ అనే పండితుడు మధ్యేమార్గం చెప్పాడంటారు. ప్రభువుమీద భక్తి వాళ్ల సొంతం, చట్టం దేశానిది. కాబట్టి ప్రాణం తీయాలి, పరువు మిగల్చాలి. చివరికి అదే జరిగింది. 1703 మార్చిలో నలభై ఆరుగురు సెప్పుకుతో ప్రాణాలు వదిలారు. వాళ్లలో ఒయిషి కొడుకు చికరా ఉన్నాడు. వాడికి పదహారేళ్లు కూడా నిండలేదు. తెరసక అనే ఒక్కడు మాత్రం బతికాడు. పెద్ద హోదా లేని కాల్బలం మనిషి. ముసలితనం దాకా జీవించాడు.

1748లో ఈ కథ 'చుషింగురా' నాటకమై ఇంటింటికీ చేరింది. 1876లో సమురాయ్‌లు కత్తులు ధరించకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆపైన వాళ్ల వర్గమే చరిత్రలో కలిసిపోయింది. అయినా సెంగకుజిలో ఏటా డిసెంబరు 14న ఉత్సవం జరుగుతుంది. వరసగా ఉన్న ఆ సమాధుల ముందు జనం అగరొత్తులు వెలిగిస్తారు. చికరా సమాధీ అక్కడే ఉంది. ఆ కుర్రాడికి నిజంగా ఇంకో దారి ఉందా అన్న ప్రశ్న మాత్రం ఆ పొగలోనే ఉండిపోతుంది.