నాట్యమునకు చోటున్న కళాశాల

ఇంటర్మీడియేటు పరీక్షలు ముగించుకొని వచ్చిన మరునాటి యుదయమున మా పెద్దమ్మాయి, పెట్టె యడుగున మూటగట్టి యుంచిన గజ్జెలను దీసి కాళ్లకు గట్టుకొని పెరటి వసారాలో నిలిచినది. రెండేండ్లుగా ఆ గజ్జెలు మ్రోగలేదు. నేను వంటయింటి నుండి వినుచుంటిని. మొదటి కాలము సాగినది. రెండవ కాలము తడబడుచు సాగినది. మూడవ కాలమున సగము జతి యైనను గాకమునుపే గజ్జెల చప్పుడు నిలిచిపోయినది. పోయి చూతును గదా, గోడ కానుకొని కూర్చుండి పిక్కలు పిసుకుకొనుచున్నది. "అమ్మా, ఈ కాళ్లు నావి కానట్టున్నాయి" అన్నది.

ఏడవ యేట మొదలిడి ఎనిమిదేండ్లు కూచిపూడి నేర్చుకొన్న పిల్ల. వారమునకు రెండుమార్లు మెదకునకు వచ్చి పాఠము చెప్పిన గురువుగారు, పదవ తరగతి ముగియుసరికి ఇత్తడి పళ్లెరపు టంచున నిలిచి తరంగ మాడగల స్థితికి ఆమెను దెచ్చిరి. పిమ్మట అందరివలెనే మేమును ఇంటర్మీడియేటునకు పట్నములోని యొక వసతి కళాశాలలో జేర్చితిమి. చేర్చుకొనునపుడు కళలకు గూడ సమయ మిచ్చెదమనిరి. ఇచ్చిన సమయము వార్షికోత్సవమునకు ముందు నాలుగు దినములు, అదియు సినిమాపాటకు. తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు గంటలన్నియు గణితమునకును భౌతికశాస్త్రమునకును పంచిపెట్టబడినవి. తప్పంతయు వారిపై మోపను. ఆడుటకు గది యున్నదా, నేర్పువా రెవరు, ఏ వేళ నేర్పుదురు అని మేమును అడుగలేదు. అచ్చుకాగితము మీద నాట్యము చేయుచున్న పిల్ల బొమ్మను జూచి సంతసించి ఫీజు కట్టి వచ్చితిమి.

ఈ పత్రిక చదువు సోదరీమణులలో నాట్యమో సంగీతమో శ్రద్ధగా నేర్చుకొను నాడుబిడ్డలు గలవారు పలువు రుందురు. పదునేడవ యేట ఆ తల్లులకు నీ చిక్కు తప్పదు. కావున డిగ్రీ కళాశాలకై మేము వెదకిన తీరును వ్రాయుచున్నాను.

మా యింట మూడభిప్రాయములు లేచినవి. మావారు ఉపాధ్యాయులు, ఏ మాటకైనను వారికి లెక్క వలయును. నాట్యము విడువుమనను గాని, డిగ్రీ విడిచి నాట్యమన్నచో ఒప్పుకొననని వారి మాట. మా యత్తగారు "పట్నంల ఆడివిల్లకు గజ్జెలెందుకే? రేపు పెండ్లయినంక ఇడిసిపెట్టేటియే గద" అని తేల్చివైచిరి. ఆ మాటకు నాకు కోపము రాలేదు. కూచిపూడి యాట తరతరములుగా మగవారిది. సత్యభామ వేషము సైతము మగవారే కట్టిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషముననే దేశమంతట పేరొందిరి. ఆడపిల్లల నెందరినో తీర్చిదిద్దిన వెంపటి చినసత్యముగారు మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించినది 1963లో. అప్పటికి మా యత్తగారు పలక పట్టిన పిల్ల. ఇంటి యాడుబిడ్డ గజ్జె కట్టుట ఆమె కంటి యెదుట పుట్టి పెరిగిన యాచారము. అది యామెకు వింతగా దోచుటలో వింత యేమున్నది?

మూడవ యభిప్రాయము నాది. నేను కళాశాల గడప త్రొక్కినదానను గాను. మా తాతగారు అరుగు మీద గూర్చుండబెట్టి అమరముతో మొదలిడి కాళిదాసు వరకు చెప్పిరి. మాళవికాగ్నిమిత్రమును పదునాలుగవ యేట జదివితిని. నాట్యమన్నది మాత్రము కన్నులార జూచినది పెండ్లియైన తరువాతనే. ఆ నాటకమున గణదాసు, హరదత్తు లను నాట్యాచార్యు లిరువురు తమలో నెవరు గొప్పయని రాజు నెదుట వాదులాడుకొందురు. పరివ్రాజిక కౌశికి మధ్యవర్తిని. గురువుల మాటలను బట్టి గాక, వారి శిష్యురాండ్ర యాటను జూచి తేల్చవలెనని యేర్పాటగును. నాడు వినోదముగా జదివిన యా ఘట్టము నాకిన్నాళ్లకు అక్కఱకు వచ్చినది. కళాశాల పేరు గాని, గురువుల బిరుదులు గాని యడుగక, అక్కడ నేర్చుకొను పిల్ల యెట్లాడుచున్నదో చూచి మఱి చేర్చవలెనని నా పట్టు.

మొదట దూరపు పేర్లు చూచితిమి. చెన్నపట్టణమందలి కళాక్షేత్రమును రుక్మిణీదేవి అరుండేలుగారు 1936లో స్థాపించిరి. ఆమె భరతనాట్యమునకు ముందు పాశ్చాత్యుల బ్యాలే నేర్చుకొన్న వ్యక్తి. రష్యా నర్తకి అన్నా పావ్లోవా ప్రోత్సాహముననే స్వదేశపు నాట్యము వైపునకు మరలిరి. అక్కడ నాలుగేండ్ల డిప్లొమా, దినమంతయు కళయే. వినగానే అమ్మాయి కన్నులు మెఱసినవి. కాని యది భరతనాట్యము. ఎనిమిదేండ్లు కూచిపూడికి అలవడిన యొడలిని మరల మొదటి పాఠమున నిలుపవలెను. "చేస్తాను గాని, నా భామ ఏమైపోవాలి?" అన్నది. బరోడాలోని సయాజీరావు విశ్వవిద్యాలయమునందును, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును నాట్యమునందే డిగ్రీ పొందవచ్చును. అక్కడను భరతనాట్యము, కథక్కు. పైగా మెదకు నుండి కాశికి పంపుటన్న మాట మా యత్తగారి చెవిని వేయు ధైర్యము మా కిరువురకును లేకపోయినది.

కూచిపూడి గ్రామమందే సిద్ధేంద్రయోగి పేర కళాపీఠ మున్నది. 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయమునకు అది శాఖగా నుండెను. 2014లో రాష్ట్రము రెండైన పిదప ఆ విశ్వవిద్యాలయపు పంపకము ఏండ్ల తరబడి తెమలలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 2025లో సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టిరి. అటు పంపదలచువారు పట్టా యెవరి పేర వచ్చునో ముందుగనే కాగితము మీద వ్రాయించుకొనుట మేలు. ఇక గచ్చిబౌలిలోని హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమున, సరోజినీనాయుడుగారి పేర నున్న కళాశాఖ యందు, కూచిపూడిలో రెండేండ్ల ఎం.పి.ఏ. కలదు. మాకన్నిటికంటె నచ్చినది అదియే. కాని యది డిగ్రీ తరువాతి మాట. అమెరికాలో మిల్‌పిటాస్ అను నూర తెలుగువారు నెలకొల్పుకొన్న సిలికానాంధ్ర విశ్వవిద్యాలయమున గూడ కూచిపూడికి ఎం.ఏ. యున్నదట! అదియు డిగ్రీ పిమ్మటిదే.

చిక్కంతయు ఇక్కడ నున్నది. పదునేడవ యేట గురువు విడిచిన చేతిని ఇరువదవ యేట విశ్వవిద్యాలయము పట్టుకొనగలదు. నడుమ మూడేండ్లు ఎవరు పట్టుకొందురు? బ్యాలే నేర్చు పాశ్చాత్యబాలికలకు నిది యింకను గట్టి సమస్య. పదునెనిమిదేండ్ల ప్రాయముననే నాట్యమండలిలో జేరవలెనను తొందర వారిది. కళాశాల కేగుటన్నచో ఆట కట్టిపెట్టుటయే యని పలువురు భయపడుదురు. అందువలన ఇండియానా విశ్వవిద్యాలయము వంటివి బ్యాలేతో పాటు వేరొక విద్యను గూడ చదువుకొను వీలు గల్పించినవి. మన యాటకు అంత త్వర లేదు. నలువది దాటిన పిమ్మట గాని అభినయము పండదు. అయితే పండుటకు చెట్టు బ్రదికి యుండవలెను గదా! గురువుగారు మా యమ్మాయిని నిలువబెట్టి చూచి, పోయినది తాళము గాదు, తొడల బలమును ఊపిరియు ననిరి. ఆరు మాసముల సాధనతో మరల దెచ్చుకొనవచ్చును. ఇంకొక మూడేండ్లు ఇట్లే గడచినచో తాను చెప్పజాలననిరి.

మే నెల యెండలో నర్సాపూరు అడవి దారి బస్సులో నాలుగుమార్లు పట్నము పోయితిమి. మొదట జూచిన యొక కళాశాలలో మాకు కాఫీ యిచ్చి, బహుమతుల బీరువా చూపిరి. వెండిరంగు గిన్నెలు వరుసలు దీరి యున్నవి. "నాట్యము చేయు గది చూడవచ్చునా?" అంటిని. వారు కొంచెము తబ్బిబ్బై, తాళపుచెవి తెప్పించి తెఱచిరి. కుర్చీలు గుట్టగా బేర్చిన గది. నేలంతయు అద్దమువలె మెఱయు నల్లరాతి పలకలు. వట్టికాళ్లతో దినమునకు వేలమార్లు నేల తట్టవలసిన పిల్లకు అట్టి రాయియు సిమెంటును శత్రువులు. దెబ్బ పిక్క యెముకకును మోకాలికిని దగులును. బ్యాలే శాలలలో క్రింద సందు విడిచి చెక్క పరచి, అడుగు పడినపుడు నేల రవ్వంత లోగునట్లు కట్టుదురు. మన పెద్దలు అలికిన మట్టినేల మీద నాడిరి. అదియు కాలికి లోగునదే. మావారు హాజరు సంగతి నడిగిరి: నూటికి డెబ్బదియైదు వంతులు రావలెను గదా, ప్రదర్శనకు బోయిన దినమును వచ్చినట్లు లెక్కింతురా యని. "మీ పాప బాగా చదివితే చూద్దాం" అనిరి. కాఫీ మాత్రము బాగున్నది.

మూడవ ప్రయాణమున రామకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు బోయితిమి. అక్కడ సాయంకాలపు తరగతులు. నాలుగేండ్లు సర్టిఫికేటు, ఆపై రెండేండ్లు డిప్లొమా. ఉదయము వేరొక కళాశాలలో డిగ్రీ చదువుకొనుచు ఇచటికి వచ్చు పిల్లలు గలరు. ఎవరును మాకు బీరువా చూపలేదు. అనుమతి యడిగి యొక బల్ల మీద గూర్చుంటిమి. పంతులమ్మగారు కర్రతో తాళము వేయుచు జతి చెప్పుచున్నారు. వెనుక వరుసలో నొక పిల్ల, తిరిగి నిలుచునపుడు మోచేయి దించుచున్నది. పాఠ మాపి, మోచేయి యెత్తి, మొదటి నుండి యాడించిరి. మరల దించినది, మరల ఆపిరి. మూడుమార్లు ఇట్లే జరిగినది. విసుగు లేదు, కేక లేదు. నాలుగవమారు మోచేయి నిలిచినది. నేను మా యమ్మాయి వంక జూచితిని. బల్ల మీద గూర్చున్నచోటనే, తనకు దెలియకుండ, తన మోచేతిని భుజమున కెత్తి పట్టుకొని యున్నది. మావారును చూచిరి, ఆపైన వారు హాజరు ప్రస్తావన చేయలేదు.

గురువు దొరికిన తరువాత డిగ్రీ వెదకితిమి. అనగా అందరును చేయు వరుసను తలక్రిందులు చేసితిమి. బి.ఎస్సీ. యైనచో మధ్యాహ్నపు ప్రయోగశాలలు సాయంకాలమునకు జరుగుచుండును గనుక అది విడిచితిమి. మావారు బి.కాం. అనిరి. నేను బి.ఏ. తెలుగు అంటిని. నారాయణతీర్థుల తరంగములు సంస్కృతము, భామాకలాపము తెలుగు. అర్థ మెఱుగక కన్నులు త్రిప్పుట అభినయము గాదని నా వాదము. ఇందులో నాకు కొంత స్వార్థమును గలదు: తాతగారు నాకు చెప్పిన విద్యకు ఇంట నొక శ్రోత దొరకును. అమ్మాయి నా వైపు నిలిచినది. 2016 నుండి మన రాష్ట్రమున డిగ్రీ సీట్లు దోస్తు అను ఆన్‌లైను పద్ధతిన ఇచ్చుచున్నారు; అందు సీటు నిర్ణయించునవి ఇంటర్మీడియేటు మార్కులు. నాట్యమున ఎనిమిదేండ్ల సాధన ఆ సీటు తేలేదు. విసుగెత్తించిన ఆ రెండేండ్ల గణితమే తెచ్చినది. మావారు ఈ సంగతి నొకటికి రెండుమార్లు జ్ఞాపకము చేసిరి. 1924లో మొదలై 2022లో మహిళా విశ్వవిద్యాలయమైన కోఠీ కళాశాలను మొదటి కోరికగా బెట్టితిమి. అక్కడి నుండి రామకోటికి నడచిపోవచ్చును.

చివరకు అడ్డము వచ్చినది తలుపు. మొదట మాటాడిన వసతిగృహమున సాయంకాలము ఆరున్నరకే తాళము వేయుదురు. నాట్యపు తరగతి అప్పటికి సగమైనను గాదు. ఆడపిల్లల క్షేమమునకే యన్నారు, కాదనలేము. రెండవచోట ఎనిమిది గంటల వరకు తెఱచియుందురు గాని గజ్జెల చప్పుడు పనికిరాదనిరి. మూడవచోట గృహాధికారిణి, నాట్య కళాశాల నుండి వ్రాత తెచ్చినచో ఎనిమిదిన్నర వరకు రానిచ్చెదమని యొప్పుకొనిరి. వేకువను మిద్దె మీద గజ్జెలు లేకుండ సాధన చేసికొనవచ్చును. మిద్దె సిమెంటుదే. దళమైన చాప మీద రబ్బరు పట్టా పరచి ఇచ్చి వచ్చితిమి.

కుదరనివియు గలవు. మూడేండ్ల డిగ్రీకిని నాలుగేండ్ల సర్టిఫికేటునకును లెక్క కుదరదు. ఆ మిగిలిన యేడు ఎట్లు సరిపెట్టవలెనో ఇంకను దోచలేదు. ప్రదర్శన దినముల హాజరు మాట ఇప్పటికిని ఎవరును వ్రాతపూర్వకముగా నియ్యలేదు. వసతిగృహపు ఖర్చు మావారి జీతమున నాలుగవ వంతు పైన మ్రింగుచున్నది. నేను సాయంకాలము నలుగురు పిల్లలకు పద్యములును వ్యాకరణమును చెప్ప మొదలిడితిని.

కేంద్రప్రభుత్వ సాంస్కృతిక శాఖవారు పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్ల లోపు యువకళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేండ్లు విద్యార్థివేతన మిత్తురు. గురువు వద్ద నేర్చుకొన్న కాలమునకు నిదర్శనము చూపవలెను. మా యమ్మాయికి వచ్చు మాఘమున పదునెనిమిది నిండును. మొన్న ఫోనులో మాటాడుచుండగా మా యత్తగారు నా చేతినుండి ఫోను దీసికొని "నేల మెత్తగున్నదా బిడ్డా, మోకాళ్లు నొస్తలేవు గద?" అని యడిగిరి. ఎనిమిదేండ్లు పాఠము చెప్పిన గురువుగారి సంతకమునకై వచ్చు నాదివారము పోవలసియున్నది. కాగితములు సిద్ధము చేసి ట్రంకుపెట్టె మీద బెట్టితిని.