మట్టం కనిపించిన రోజులు

కోడేరు చుట్టుపక్కల మోటబాయిని పిల్లలకు చూపించాలంటే ఇప్పుడు పూడ్చకుండా మిగిలినదాన్ని వెతుక్కోవాలి. దొరికినవాటిలోనూ గిలక ఉండదు, మోకు ఉండదు. గోడల సందుల్లో తుమ్మలు మొలిచాయి, అడుగున పురుగుమందు డబ్బాలు పడున్నాయి. అప్పట్లో ఎద్దులు వాలులోకి దిగుతుంటే నిండు బొక్కెన పైకొచ్చి తొండం లోంచి నీళ్లు కుమ్మరించేది. ఎద్దులు వెనక్కి ఎక్కుతుంటే ఖాళీ బొక్కెన బాయిలోకి జారేది. ఆ ఏటవాలు దారి కొన్ని చోట్ల ఇంకా ఆనవాలు పట్టొచ్చు, చాలా చోట్ల దున్ని చేన్లో కలిపేశారు.

మోట కొట్టడం సుఖమైన పనేమీ కాదు. కోడి కూసే వేళకు లేవాలి, చలికాలం తడి మోకు పట్టుకుంటే అరచేతులు పగిలేవి. కరెంటు మోటరు వచ్చిన రోజు మా ఊళ్లో కొబ్బరికాయలు కొట్టారు, కొట్టాల్సిందే. ఆ కష్టం తిరిగి రావాలని నేను కోరుకోను. నాకు బెంగగా ఉన్నది ఇంకొకటి. బాయికి లోపలివైపు రాతి మెట్లుండేవి. నీళ్లు ఏ మెట్టు దగ్గరున్నాయో ఒడ్డున నిలబడ్డ ప్రతివాడికీ కనిపించేది. యాసంగికి ముందు మా నాయన, చిన్నాయనలు ఒడ్డున కూర్చుని లోపలికి చూసేవాళ్లు. "నడిమి మెట్టుకు దిగినయి. ఈసారి రెండు మళ్లు తక్కువేద్దాం" అని వాళ్లలో పెద్దాయన అంటే ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఆయన మాట మీద గౌరవం ఒక్కటే కారణం కాదు, నీళ్లు ఎంతున్నాయో అందరి కళ్ల ముందే ఉంది. అన్నదమ్ముల మధ్య బాయికి వంతులుండేవి. వంతు తప్పితే కొట్లాటలూ అయ్యేవి. కానీ ఉన్న నీళ్లెన్ని అనే దాని మీద కొట్లాట లేదు.

చెరువు కిందా ఇదే పద్ధతి. వానాకాలం పోయాక చెరువులో నీళ్లు ఎంతవరకు నిలిచాయో చూసి ఎన్నెకరాలు తడుస్తాయో తేల్చి తైబందీ వేసేవాళ్లు. తూము తెరిచేదీ మూసేదీ నీరటి. నడిరాత్రి కాల్వ వెంబడి నడిచి ఏ మడికి నీళ్లు అందలేదో చూసేవాడు, అందుకు కల్లం దగ్గర గింజలు తీసుకునేవాడు. నీరటి కుటుంబాలది దళిత వాడ. నీళ్లు పంచే చెయ్యి వాళ్లది, ఆయకట్టులో భూమి మాత్రం వాళ్లలో చాలామందికి లేదు. ఆ అన్యాయం గుర్తు చేసుకోకుండా ఆ వ్యవస్థను పొగడటం తప్పు. అయినా చెరువు గురించి ఆ మనిషికి తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. ఆ పని పోయినప్పుడు ఆ తెలివీ పోయింది.

ఈ నేలకు చెరువుల తెలివి పాతదే. వనపర్తి సంస్థానంలో సప్త సముద్రాలని ఏడు పెద్ద చెరువులకు పేరు. శ్రీరంగాపూర్ రంగసముద్రం వాటిలో ఒకటి. ఇటు కొల్లాపూర్ దగ్గర సింగోటం చెరువు ఉంది. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా కట్టిన గొలుసులు తెలంగాణ అంతటా ఉన్నాయి. పైవాళ్లు మిగిల్చింది కిందివాళ్లకు అందాలన్న లెక్క ఆ కట్టల్లోనే ఉంది.

తిండి సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు రొట్టె అంటే పచ్చజొన్న రొట్టె. తైదల అంబలి, కొర్రల బువ్వ, పండుగకో చుట్టమొస్తేనో వరి అన్నం. చేలో ఒక్క పంటే ఉండేది కాదు. జొన్న సాళ్ల నడుమ కంది, గట్టున ఆముదం. ఆముదాలకు పాలమూరు, నల్లగొండ జిల్లాలది ఒకప్పుడు పెద్ద పేరు. ఇంట్లో గుమ్మి, వాకిట్లో పాతర. భూమిలో తవ్విన పాతరకు లోపల గడ్డి పరిచి జొన్నలు పోసి మూత మీద మట్టి మెత్తేవాళ్లు. మూత తీశాక లోపలి చెడుగాలి పోయేదాకా ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు. మా నాయనమ్మ గుమ్మి మీద చెయ్యి తట్టి ఆ చప్పుడును బట్టి ఎన్ని నెలల తిండి ఉందో చెప్పేది. ఇత్తనాల బుట్ట వేరుగా ఉండేది, ఎంత కరువొచ్చినా దాని మీద చెయ్యి పడేది కాదు.

ఆకలి లేదని కాదు. గుమ్మి ఖాళీ అయితే ఆసామి దగ్గర నాగుకు తెచ్చుకోవాలి, పంట రాగానే తెచ్చినదానికి సగం కలిపి కొలిచివ్వాలి. ఆ అప్పు తీరక జీతాలకు కుదిరిన పిల్లలు నా ఈడువాళ్లలోనే ఉన్నారు. అందుకే 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు పేదల ఇళ్లల్లో పొయ్యి వెలిగింది. ఆ మేలు తక్కువది కాదు. దానితో పాటే జరిగిన ఇంకో సంగతిని అప్పుడెవరూ పట్టించుకోలేదు. రేషను షాపులో బియ్యమే దొరికేది, కొనుగోలు కేంద్రంలో వడ్లకే ధర నిలకడగా ఉండేది. జొన్నను ఎవరూ నిషేధించలేదు, దాన్ని అడిగేవాళ్లే తగ్గిపోయారు. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక ఎర్రచెలకల్లో జొన్న, ఆముదం ఉన్న చోట పత్తి దిగింది. ఇత్తనం బుట్టలోంచి ప్యాకెట్‌లోకి పోయింది. ప్రతి ఏడూ కొనాల్సిందే.

బోర్లు అంతకు ముందే మొదలయ్యాయి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండ్లు రాత్రంతా గుర్రుమంటూ రాయిని తొలిచేవి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపే మనిషి ముందు నడిచేవాడు. మాది గ్రానైటు నేల. మట్టి, మొరం పొరల్లో నిలిచే నీళ్లు ఏటేటా వానతో నిండేవి, బాయి తోడింది వాటినే. బోరు కిందికి పోయి రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి చేరిన నీళ్లను పైకి తెచ్చింది. ఆ పగుళ్లు త్వరగా నిండవు. పక్క చేను బోరు మన బాయిని ఎండగొడితే, మనం అంతకన్నా లోతు వేస్తాం. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలంది. మరోవైపు 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. రైతుకు కరెంటు ఇవ్వడం న్యాయమే. కానీ మోటకు ఎద్దులు అలిసిపోయేవి, బాయి అడుగు కనబడేది. ఇప్పుడు ఆపమని చెప్పేది ఏదీ లేదు. బోరు కేసింగులోకి తొంగిచూస్తే చీకటి తప్ప ఏం కనబడుతుంది?

అప్పూ అంతే. ఆసామి నాగు పుస్తకం క్రూరమైనదే, కానీ బాకీ ఎంతో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇప్పటి బోరు అప్పు, పురుగుమందు దుకాణంలో ఖాతా, బంగారం మీద తెచ్చింది, మైక్రోఫైనాన్సు వారం కిస్తీ, ఇవన్నీ కలిపి చెప్పగలిగిన రైతును నేను అరుదుగా చూశాను.

ఈ అప్పులు తట్టుకోలేక పాలమూరు వలస కదిలింది. నిజానికి అంతకు ముందు నుంచే కదులుతోంది. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని భార్యాభర్తలు లారీ ఎక్కేవాళ్లు, పిల్లలు ముసలివాళ్ల దగ్గర మిగిలేవాళ్లు. దేశంలో ఎన్నో ఆనకట్టల కింద పాలమూరు లేబర్ చెమట ఉంది. మన పక్కనే 1980ల మొదట్లో శ్రీశైలం ఆనకట్ట నీళ్లు కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచాయి. కొల్లాపూర్ వైపు నల్లరేగడి పొలాలు, ఇళ్లు, గుళ్లు నీళ్లలో పోయాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయిగా విప్పి పైకి తెచ్చి కట్టారు. మనుషులకు అంత జాగ్రత్త దక్కలేదు.

మోటతో పాటు ఎద్దులూ పోయాయి. అమ్రాబాద్ అడవి అంచున లంబాడీలు పెంచే మచ్చల పొడతూర్పు ఎద్దులకు కురుమూర్తి జాతరలో మంచి గిరాకీ ఉండేది. 2020లో పొడతూర్పును ప్రత్యేక జాతిగా ప్రభుత్వ సంస్థ గుర్తించింది. కాగితం మీద పేరెక్కేటప్పటికి చాలా కొట్టాల్లో ట్రాక్టరు ఉంది. పెంట లేని చేనుకు యూరియా మూటలే దిక్కయ్యాయి.

ఇది మా ఒక్క మండలం గొడవ కాదు. ప్రపంచంలో భూమిలోపలి నీళ్లను అందరికంటే ఎక్కువ తోడే దేశం మనది, అమెరికా, చైనా కలిపినా మనంత తోడవు. అమెరికాలో ఒగల్లాల అనే పెద్ద నీటిపొర మీద గోధుమ, మక్క పండించిన రైతులు కొన్ని చోట్ల మళ్లీ వానాధార పంటలకు వచ్చారు. భూమికి హద్దులున్నాయని 'ది లిమిట్స్ టు గ్రోత్' పుస్తకం 1972లోనే లెక్కలు వేసి చెప్పింది. దాన్ని చాలామంది పెద్ద చదువుల మాటగా తీసిపారేశారు. మా బాయి మెట్లు చెప్పిందీ అదే.

ఇప్పుడు లిఫ్టులొచ్చాయి. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మూడు మెట్లుగా కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లను పైకి తెస్తోంది. ఊరు విడిచిపోయిన కొందరు వెనక్కి వచ్చి వరి నాటారు, వాళ్ల సంతోషం నా సంతోషమే. అయితే 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌసు నీట మునిగినప్పుడు ఆ ధీమా ఎంత సన్నని తీగ మీద వేలాడుతోందో తెలిసింది. నది నీళ్లొచ్చాయని వరి తర్వాత వరి వేస్తే రేపు ఈ నీళ్లూ చాలవు.

గద్వాల సీమలోని ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. రాజుల కథలు పక్కనబెట్టి జనం ఏం తిన్నారో, ఎట్లా బతికారో రాశారు. ఆ పని మా తరం ఇంకా మిగిల్చుకుంది. నీరటులు, మోట కొట్టినవాళ్లు, పాతర నింపినవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి.

రాసుకుంటే చాలదు. కొన్నేళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, మన మహబూబ్‌నగర్‌తో (పాలమూరుతో) సహా, ఒక ప్రాజెక్టు కింద రైతులే బోర్ల నీటి మట్టం కొలిచారు. వానను కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేసే పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టి గోడ మీద రాశారు. ఫలానా పంటే వేయాలని ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఆ ప్రాజెక్టు ముగిసింది, గోడల మీద సున్నం పడింది.

కోడేరు మండలంలో ప్రతి పంచాయతీకి నా విన్నపం ఒకటే. ఊరికి రెండు బోర్లు ఎంచుకోండి. బడిపిల్లల చేత నెలకోసారి మట్టం కొలిపించండి. ఆ అంకెను పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. దానికి ఏ ప్రాజెక్టూ అక్కర్లేదు, ఒక తాడు, ఒక సుద్దముక్క చాలు. వచ్చే యాసంగికి ముందే మొదలుపెట్టండి.