పాత పెంకుటింటి మరమ్మతు

పాత పెంకుటింటిని బాగుచేయించినప్పుడు ఖర్చు అంచనా దాటితే సాధారణంగా సిమెంటు ధరనో, మేస్త్రి కూలినో తప్పుపడుతుంటారు గాని, లెక్క విప్పి చూస్తే అదనంగా పోయిన డబ్బులో చాలాభాగం ఒకసారి చేసిన పనిని పగలగొట్టి మళ్ళీ చేయించినందుకే పోయి ఉంటుంది. రంగులు వేశాక కరెంటు పైపుల కోసం గోడకు గాడి కొట్టడం, గచ్చు చేశాక నీళ్ళ గొట్టం గుర్తుకు రావడం, కప్పు కారుతుండగానే లోపల పూత పూయించడం ఈ కోవలోవే. అందుచేత మరమ్మతులో పొదుపు చవక సరుకు వెతకడంలో కన్నా పనుల వరుసలోనే ఎక్కువగా ఉంటుంది.

ఆ వరుస పైకప్పుతో మొదలు కావాలి. తెలుగునాట చాలాచోట్ల బెంగుళూరు పెంకులని పిలిచే, అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడే ఎర్రమట్టి పెంకుల పుట్టిల్లు నిజానికి మంగుళూరు. అక్కడ బాసెల్ మిషన్ వారు 1865లో పెంకుల కర్మాగారం నెలకొల్పారు. బాగా కాలిన పెంకు తన కింది కర్రకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి, కప్పు విప్పగానే అన్నింటినీ పారేయనక్కరలేదు. పాచి కడిగి, వేలి కణుపుతో తట్టితే మంచి పెంకు ఖంగుమంటుంది, వెంట్రుకవాసి బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. తక్కువపడిన వాటికి కొత్తవి తెస్తే ఒక్కో కర్మాగారం అచ్చు ఒక్కో కొలతలో ఉండడంవల్ల అంచులు కూర్చోకపోవచ్చు; పెంకు మీద ముద్రించిన కంపెనీ పేరు చూసుకొని, కూల్చేస్తున్న ఇళ్ళలో అదే ముద్రవి వెతకడం మేలు. వాసాలు, దూలాల విషయంలో గోడలోకి దిగిన కొనలను ముందు పరీక్షించాలి, ఎందుకంటే చెమ్మ, చెదలు మొదట పట్టేది అక్కడే. స్క్రూడ్రైవర్ మొన సులువుగా దిగినంత మేర కోసి గట్టి కర్ర అతికితే సరిపోయే చోట దూలమంతా మార్పించడం వృథా.

గోడల దగ్గర జరిగే పొరపాటు మరింత ఖరీదైనది. పాత ఇళ్ళలో చాలావాటిని గానుగ సున్నంతో, అంటే గుండ్రటి కాలువలో సున్నమూ ఇసుకా పోసి ఎద్దులు తిప్పే రాతిచక్రంతో నూరిన అడుసుతో కట్టారు. అటువంటి గోడ నేలలోని చెమ్మను పీల్చుకున్నా గాలికి వదిలేస్తుంది. బలంగా ఉంటుందని దానిమీద సిమెంటు పూత పూస్తే, బయటికి దారిలేని చెమ్మ లోపలే పైకి పాకి, ఉప్పు పూసి, కొత్త పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. యజమాని మేస్త్రిని తిడతాడు, మేస్త్రి ఇసుకను తిడతాడు. అసలు కారణం తరచు వీధిలో ఉంటుంది: పాత రోడ్డు మీదే మళ్ళీ మళ్ళీ కొత్త రోడ్డు వేస్తూ పోవడంతో ఒకనాడు మూడు మెట్లెక్కి చేరే అరుగు నేలమట్టానికి వచ్చి, వాననీరు పునాది దగ్గరే నిలుస్తుంది. గోడ వెంబడి చిన్న కాలువ తీసి, చూరు నీటిని దూరంగా మళ్ళించి, ఒక వేసవి ఎండనిచ్చాక సున్నపు పూత వేయిస్తే అదే గోడ నిలుస్తుంది.

కాలం ఆదా చేయకూడని చోటు కూడా ఒకటుంది. సిమెంటు పనికి కనీసం ఏడు రోజులు నీళ్ళు పట్టాలి. ముహూర్తం ముంచుకొస్తోందని మూడో రోజే రంగులోళ్ళను పిలిస్తే మిగిలేది నెర్రెలు. తొందర చూపదగినది పని మొదలుపెట్టడంలో: కప్పు పని తొలకరికి ముందే ముగియాలి, సంక్రాంతి ముందు సున్నాలు వేసేవారు ఎలాగూ దొరకరు. కూలి ఒప్పందంలోనూ తేడా పాటించాలి. గోడ విప్పితేగాని లోపలేముందో తెలియని కూల్చివేత పనిని గుత్తకిస్తే మేస్త్రి తన భయాన్ని కూడా ధరలో కలుపుతాడు కాబట్టి దానికి రోజుకూలీ నయం. కొలతకు లొంగే పూత, గచ్చు పనులకు గుత్త నయం.

ఇంత లెక్క చూసేవారు కూడా తలుపుల దగ్గర తడబడతారు. ఏడెనిమిది పొరల రంగు కింద టేకు ఉందని తెలియక, బరువైన పాత తలుపులను వచ్చిన ధరకు పాతకర్ర వ్యాపారికి అమ్మి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ప్లైవుడ్ తలుపులు బిగిస్తారు. శ్రావణమాసపు ముసురుకు అవి ఉబ్బి, గుమ్మంలో పడక, అడుగు అంచు చిత్రిక పట్టడానికి మళ్ళీ వడ్రంగి కోసం కబురు పెడతారు.