పాత పోగు, కొత్త పోగు

డి.ఎన్.ఏ. తనకు తానే "నకలు" తీసుకుంటుందని తెలుగులో తరచు రాస్తూంటాం. ఆ మాటతో నాకు చిన్న పేచీ ఉంది. నకలు అనగానే అసలు ఒకటి విడిగా మిగలాలి కదా! తాటాకు గ్రంథాన్ని ఎదుట పెట్టుకుని లేఖకుడు మరో కట్ట మీద గంటంతో రాస్తే, పాతది పాతదే, కొత్తది కొత్తదే. కణంలో జరిగేది అది కాదు.

1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించిన నమూనాలో (అందుకు ఆధారమైన ఎక్స్-రే చిత్రాల విషయంలో రోజలిండ్ ఫ్రాంక్లిన్‌కు రావలసిన పేరు చాలా ఆలస్యంగా వచ్చింది) రెండు పోగులు పురి వేసుకుని ఉంటాయి. పోగు పొడుగునా చక్కెర, ఫాస్ఫేటు ఒకదాని తరవాత ఒకటి గట్టి బంధాలతో ముడిపడి ఉంటాయి. ప్రతి చక్కెర నుంచీ లోపలి వైపుకు ఒక క్షారం. అడెనీన్ ఎదుట థయమీన్, గ్వానీన్ ఎదుట సైటొసీన్. మొదటి జంటను రెండు, రెండవ జంటను మూడు ఉదజని బంధాలు పట్టి ఉంచుతాయి. ఇవి బలహీనమైన బంధాలు; కిటుకంతా అక్కడే ఉంది. పోగు తెగకుండానే జంట విడిపోతుంది. విడిన ప్రతి పోగు ఎదుటా కొత్త పోగు అల్లుకుంటుంది.

ఊహించడం వేరు, రుజువు చెయ్యడం వేరు. ఆ రుజువును మెసెల్సన్, స్టాల్ 1958లో ప్రచురించారు. బరువు నత్రజని (15) ఉన్న ఆహారం మీద ఇ. కోలై బాక్టీరియాను 14 తరాలు పెంచి, ఒక్కసారిగా మామూలు నత్రజని (14)కి మార్చారు. తరతరానికీ డి.ఎన్.ఏ.ను తీసి, సీసియం క్లోరైడు ద్రావణంలో నిమిషానికి 44,770 చుట్ల వేగంతో 20 గంటలు తిప్పారు. అసలు, నకలు విడివిడిగా ఉండేటట్లయితే ఒక తరం తరవాత బరువు గీత ఒకటి, తేలిక గీత ఒకటి కనబడాలి. కనబడినది నట్టనడుమ ఒకే గీత! రెండవ తరంలో సగం నడుమన, సగం తేలిక గీతలో. అంటే ప్రతి కొత్త అణువులోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది.

మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది. నాది ఆవిడ ముక్కే అని బంధువులంటారు. అది పోలిక, కేవలం సమాచారం. నాకు కావలసినది అంతకన్న మొరటు లెక్క: వస్తువుగా ఏం మిగిలింది?

ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలలో డి.ఎన్.ఏ. రెట్టింపు కావడం ముగుస్తుంది. మళ్ళీ ఆ పని జరిగేది ఫలదీకరణ తరవాతే. కనుక అమ్మ నుంచి నాకు వచ్చిన 23 క్రోమోజోములు, అంటే 46 పోగులు, అమ్మ పుట్టకముందే, అమ్మమ్మ తిన్న తిండితో అల్లినవి. నా ఒంట్లో కణాలు లక్షల కోట్లయినా ఆ పోగులు 46కు మించవు. మరమ్మతులలో ముక్కలు మారి ఉంటాయి. క్రోమోజోములు ముక్కలు ఇచ్చిపుచ్చుకుని ఉంటాయి. చర్మంలోకో, పేగు గోడలోకో వెళ్ళినవి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి. కాని మెదడులోని నాడీకణాలు చాలామటుకు, ఒకసారి ఏర్పడ్డాక, మళ్ళీ విభజన చెందవు. అక్కడికి చేరినది ఏదైనా ఉంటే అది ఇంకా అక్కడే ఉండాలి.

అమ్మమ్మావాళ్ళు సొంత చేలో పండిన కందులే తినేవారట. కందిమొక్క వేరు బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది.