రాజవొమ్మంగిలో వయొలిన్లు

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట మీదుగా రాజవొమ్మంగి చేరేసరికి మధ్యాహ్నమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దండు విరుచుకుపడిన ప్రాంతమిది. దొరికిన తుపాకులు 26. రాజవొమ్మంగి స్టేషన్లో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించుకుపోయారు కూడా. నేను చూడబోయిన కుర్రాడు ఇప్పుడు ఆ ఘట్టానికే సంగీతం కడుతున్నాడు, ఒక టీవీ డాక్యుమెంటరీ కోసం. హైదరాబాద్‌లో కొన్నాళ్లు కీబోర్డు ప్రోగ్రామర్‌గా చేసి సొంతూరు వచ్చేశాడు. పేరు మాత్రం రాయొద్దన్నాడు.

మేడ మీద రేకుల గది. వాన పడితే మైకు కట్టేయాల్సిందే. కిటికీకి దుప్పటి, బల్ల మీద 49 మెట్ల కీబోర్డు, కింద ఇన్వర్టర్. స్పీకర్లున్నా హెడ్‌ఫోన్సే నా చేతికిచ్చాడు. "కింద మామ్మ పడుకుందండి" అన్నాడు.

తెర మీద వరసగా వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, హార్న్‌లు. లండన్ మైడా వేల్ స్టూడియోలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించగా స్పిట్‌ఫైర్ కంపెనీ 2019లో విడుదల చేసిన ధ్వనుల లైబ్రరీ అది. ఒక్కో స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, విల్లు పొడుగ్గా లాగి, పొట్టిగా కొట్టి, తీగను వేలితో మీటి విడివిడిగా రికార్డు చేశారు. ఇతని దగ్గరున్నది ఉచితంగా దొరికే చిన్న వెర్షన్.

"నిజంగా వాయించిన స్వరాలే కదా, ఇక కష్టమేముంది బాబూ?" అన్నాను.

జవాబు చెప్పకుండా అయిదు వేళ్లతో స్వరాలన్నీ కలిపి ఒక కార్డ్ నొక్కాడు. భజన మందిరంలో హార్మోనియం మోగినట్టుంది. "ఇదేనండి కష్టం" అన్నాడు.

ఆ కార్డ్ చెరిపేసి, మొదటి వయొలిన్ల వరస ఒక్కటే కుడిచేత్తో వాయించాడు. ఎడమచెయ్యి పక్కనున్న చిన్న చక్రం మీద ఉంది. దాని విలువ 0 నుంచి 127 దాకా. స్వరం మొదట్లో 40 దగ్గరున్న చక్రాన్ని 90 దాకా తోసి, విల్లు చివరికొచ్చే చోట మళ్లీ దించాడు. చేతి బరువు మారకుండా విల్లు లాగే మనిషి ఉండడు. ఆ బరువంతా ఈ చక్రంలోంచే రావాలి. తర్వాత రెండో వయొలిన్లు, వయోలా, చెల్లో, డబుల్ బేస్. దేనికది వేరుగా, మొదట్నుంచీ. చెల్లో స్వరం నిదానంగా అందుకుంటుంది కాబట్టి దాన్ని తాళానికి రవ్వంత ముందుకి జరిపాడు. హార్న్ వరసలో ఒకచోట స్వరాన్ని తుంచేశాడు. ఎందుకంటే, "అంతసేపు ఊపిరి తీసుకోకుండా ఊదితే మనిషి చచ్చిపోతాడండి" అన్నాడు. అర నిమిషం సంగీతానికి పొద్దు వాలిపోయింది.

గమకం దగ్గర మాత్రం లైబ్రరీ చేతులెత్తేస్తుంది. అందుకే అలాంటి చోట్ల రాజమండ్రిలో తెలిసిన వయొలిన్ విద్వాంసుడి చేత ఒక్క వరస వాయించి తెప్పించుకుంటాడు. దాన్ని పైన పెడితే కింద మోగేవన్నీ నిజమైనవే అని చెవి నమ్మేస్తుంది. నేనూ నమ్మాను.

కంప్యూటర్ సంగీతం మనకు కొత్తదేమీ కాదు. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్'కు కంప్యూటర్ వాడారు. మనకది 'డాన్స్ మాస్టర్'. తెలుగులో రాజ్-కోటి పాటలకు కీబోర్డు వాయించినవాళ్లలో ఎ.ఆర్. రెహమాన్ ఉన్నారు. ఆ కోటి తండ్రి, ఇవే తూర్పు కనుమల పాదాన సాలూరు ప్రాంతంలో పుట్టిన రాజేశ్వరరావు. ఇలాంటి చుట్టరికాలు వెతకడం నాకు సరదా. కుర్రాడికి అంత ఆసక్తి లేదు. అతనికి కావలసింది ర్యామ్.

ఊళ్లో డప్పు మాత్రం లైబ్రరీలో లేదు. పండగప్పుడు ఫోన్లో పట్టిన డప్పు అతని దగ్గరుంది, వెనక జనం కేకలతో సహా. కేకలు తీసేయబోతే డప్పూ పల్చబడిందట. దాంతో అలాగే ఉంచేశాడు. బొమ్మ మీద వేసి వినిపించాడు. స్టేషన్ ముంగిట్లోకి జనం వస్తుంటే చెల్లోలు సన్నగా, వాటి కింద ఆ గరుకు డప్పు. నాకైతే అది చాలనిపించింది. అల్లూరి అనగానే బూరలూ కోరస్సూ ఎగసిపడాలన్నది మనం సినిమాలు చూసి నేర్చుకున్న అలవాటే తప్ప, ఆ రోజు వీరయ్యదొర చెవిన పడింది తాళాల చప్పుడూ మనుషుల అరుపులే కదా!

ఆ మాటే అన్నాను. నవ్వి ఫోన్ చూపించాడు. డైరెక్టర్ మెసేజ్: తలుపులు బద్దలయ్యే చోట ఇంకా పెద్దగా, హాలీవుడ్ లెవెల్లో కావాలి, శుక్రవారంలోగా.

"మరి డప్పు?"

"ఉంచుతానండి. పైన హార్న్‌లు దట్టిస్తే ఆయనకి వినపడదు" అంటూ కొత్త ట్రాక్ తెరిచాడు.