వనభోజనపు పొయ్యి

అరణ్యవాసమున ధర్మరాజునకు సూర్యభగవానుడు రాగిపాత్ర ప్రసాదించెనని భారతమున చదువుకొంటిమి. ద్రౌపది భుజించువఱకు ఆ పాత్రలో అన్నము తఱుగదు; ఆమె భుజించినతోడనే ఆనాటికి ముగియును. దేవతలిచ్చిన పాత్ర యున్నను ఇల్లాలు కడపటనే తినవలసి వచ్చినది! కార్తికమాసపు వనభోజనములు చూచినపుడెల్ల మాకు ఈ సంగతియే స్ఫురించును. పురుషులు చీట్లాడుదురు, పిల్లలు ఊయలలూగుదురు, స్త్రీలు మాత్రము ఇంటి పొగను విడిచి తోట పొగలో కూర్చుందురు. కావున వనభోజనమునకు పొయ్యిని గాని పాత్రను గాని ఎన్నుకొనునపుడు మేము పెట్టుకొన్న పరీక్ష ఒక్కటే: ఇది వంట చేయువారిని మొదటి పంక్తిలో కూర్చుండనిచ్చునా?

ముందుగా నిప్పు సంగతి. మూడు రాళ్ళ పొయ్యికి ఖర్చు లేదు. ఎండిన సరుగుడు కట్టెలున్నచో ఎంత పెద్ద గుండిగనైనను కాచును. కాని గాలి తిరిగినపుడెల్ల పొగ కన్నులలో పడును; మంటను కనిపెట్టి ఒకరు కదలకుండ నుండవలెను. కట్టెలను ఇంటినుండియే కొనిపోవలెను. కొండపల్లి కొండలవంటి రిజర్వు అడవులలో నిప్పు రాజేయుట 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము నేరము. ఆ అడవి తెల్లపొణికి కఱ్ఱతోనే కొండపల్లి బొమ్మలు పుట్టినవి. మన పూటవంటకై దానికి చేటు తేరాదు. ఉసిరిచెట్టు నీడ కూడ భోజనమునకే గాని పొయ్యికి గాదు. వేడికి వేళ్ళు మాడును.

బొగ్గుల కుంపటికి పొగ తక్కువ. కాఫీకి, వంకాయలు కాల్చుటకు బాగుండును. ఇరువదిమందికి అన్నము వండుటకు చాలదు. చలియనియో వానయనియో దానిని గుడారములోనికి తేనేకూడదు. వాసనలేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. కృష్ణయొడ్డున వండినవారు నిప్పులపై ఇసుక కప్పి వచ్చుట కలదు. ఇసుక క్రింద నిప్పు గంటల తరబడి వేడి వీడదు; తరువాత వచ్చు పిల్లల పాదములు కాలును. నీరు పోసి, కలిపి, చల్లారినదని రూఢి చేసికొన్న పిదపనే కదలవలెను.

1892లో స్వీడనుదేశస్థుడు లిండ్‌క్విస్టు కనిపెట్టిన ప్రైమస్ పంపు స్టవ్వు ఒకప్పుడు ప్రయాణపు వంటకు పెద్ద దిక్కు. కిరసనాయిలు వాడుక తగ్గిన నేడు గ్యాసే సులభము. తిప్పిన వెలుగును, తిప్పిన ఆఱును. గత కార్తికమున మా పటమట వీథివారము పదునెనమండుగురము ఒక మామిడితోటకు పోవుచుండగా పొరుగింటి అత్తయ్యగారు, “పెద్ద బండే వేసుకెళ్ళండమ్మా, మధ్యలో అయిపోతే ఎలా?” అనిరి. పెద్ద బండలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిసి సుమారు 30 కిలోలు. దానిని ఎత్తుటకు మఱియొకరి కొఱకు ఎదురుచూడవలెను. ఒక పూటవంటకు 5 కిలోల బండ చాలునని చెప్పి అదే కొనిపోతిమి. చాలినది, మిగిలినది కూడ.

చిన్నబండ నెత్తిననే బర్నరు బిగించు రకము పాలు కాచుటకు సరి. పెద్ద గిన్నె పెట్టినచో తూలును. పదిమందికి మించినచో వెడల్పు కాళ్ళుగల పొట్టి ఇనుప పొయ్యి, మంచి రబ్బరు గొట్టము వేఱుగా నుండవలెను. గాలికి అడ్డుగా పొయ్యి ప్రక్కన రేకు నిలుపవచ్చును గాని బండను చుట్టి కట్టరాదు, అది వేడెక్కును. ఈ గ్యాసు గాలికంటె బరువైనది; కాఱినచో పల్లమున నిలుచును. కాబట్టి బండను గుంటలో పెట్టక, గాలియాడు సమతలమున నిలువుగా నుంచవలెను.

రైలుయాత్రకు మాత్రము ఏ బండయు కూడదు. 2023 ఆగష్టు 26న మదురైలో నిలిపియున్న యాత్రికుల పెట్టెలో, వెంట తెచ్చిన గ్యాసు సిలిండరు కారణముగా నిప్పంటుకొని తొమ్మండుగురు మరణించిరి. తిరుపతికైనను అన్నవరమునకైనను పులిహోర, దద్ధ్యోజనము కట్టుకొని పోవుటయే మేలు.

ఇక పాత్రలు. ఒకదానిలో ఒకటి ఇముడు స్టీలు గిన్నెలు మూడు, మూతలు, పట్టకారు, గంటె, నీళ్ళ డబ్బా చాలును. బియ్యము ఉడికినపుడు సుమారు మూడింతలగును. గిన్నెను దానికి తగినట్లు ఎంచవలెను. ఇత్తడి గిన్నెకు కళాయి లేనిచో చింతపండు పులుసు కాచరాదు. కట్టెల పొయ్యి తప్పనిచో గిన్నెకు వెలుపల పలుచగా మట్టి పూసిన మసి సులువుగా వదలును. కూరలు ఇంటనే తఱిగి, పప్పు కడిగి, పోపుదినుసులు పొట్లములు కట్టుకొన్నచో తోటలో సగము పని తీఱినట్లే. మేమట్లు చేయుటచేతనే ఆనాడు వండినవారము, వండనివారము ఒకే పంక్తిలో కూర్చుంటిమి. వడ్డనకు పురుషులే లేచిరి.

సోదరీమణులారా, పొయ్యి కొనుటకు ముందు అంగడిలోనే దానిని ఒక్కసారి మీ చేతులతో ఎత్తి చూడుడు; వెలిగించి, ఆర్పి చూడుడు. మీరు ఒంటరిగా మోయలేనిది, మీ మాట వినక మండునది ఎంత చవుకయైనను వలదు.