సత్తుగిన్నె
ఆత్రేయపురమున పూతరేకులకై కుండను ఏరి ఏరి తెచ్చుకొను మేము, చారుకాచు సత్తుగిన్నె లోహమెట్టిదని ఏనాడును అడుగలేదు. తగరమున చౌకయైన సీసము కలిసినచో చింతపండు పులుపు దానిని చారులోనికి లాగును. మా మనుమరాలు ఆ చారన్నముతోనే పెరిగినది.

2020 డిసెంబరున ఏలూరులో వందలమంది మూర్ఛల పాలైనప్పుడు రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెనని విని, అది గిన్నెవలన వచ్చిన జబ్బు కాకున్నను, మా గిన్నెను అటకెక్కించితిమి. అంతతో చాలునా? సీసము స్వల్పమైనను పసిమెదడును మందగింపజేయును. చదువురాని బిడ్డను మొద్దని కసరుదుమేగాని రక్తపరీక్ష చేయింపము. మనుమరాలి రక్తమున ఏమున్నదో నేటికిని మేమెరుగము.

2000లో పెట్రోలునుండి సీసమును తొలగించినది చట్టము. ఇల్లాలి జాగ్రత్త గాదు. అట్లే బడిపిల్లలకు రక్తపరీక్షయు, అంగడి గిన్నెలకు లోహపరీక్షయు కావలెను. అడుగవలసినవారము మనమే.